ఒకే దారి మూసుకుపోయినప్పుడు తేరుకోవడం ఎలా? భిలాయ్ క్యాంప్ 2 చెప్పే సమాధానం

భిలాయ్ (ఛత్తీస్‌గఢ్): క్యాంప్ 2 పుట్టుక దాని పేరులోనే ఉంది. 1950వ దశకంలో భిలాయ్ ఉక్కు కర్మాగార నిర్మాణానికి తరలివచ్చిన కూలీల కోసం పవర్‌హౌస్ ప్రాంతంలో వేసిన తాత్కాలిక శిబిరాలలో ఇది రెండోది. నిర్మాణం ముగిసినా శిబిరం ఖాళీ కాలేదు. వచ్చినవారు ఉండిపోయారు. వారి పిల్లలు, మనుమలు అక్కడే పుట్టి పెరిగారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి రైలెక్కి వచ్చిన తెలుగు కుటుంబాలు కూడా వారిలో ఉన్నాయి. ఇంట్లో తెలుగు, వీధిలో ఛత్తీస్‌గఢీ, కార్యాలయంలో హిందీ మాట్లాడే తరాలు ఈ వాడలలో తయారయ్యాయి.

ఉద్యోగం పోవడం, పరీక్ష తప్పడం, వ్యాపారంలో నష్టం, ఆత్మీయుల మరణం, ప్రమాదంలో అవయవం కోల్పోవడం వంటి ఎదురుదెబ్బలు ఏ ఊరికీ కొత్త కాదు. అయితే ఒకే తీరు దెబ్బ తగిలిన ఇద్దరిలో ఒకరు కొంత కాలానికి తేరుకుంటారు, మరొకరు అక్కడే ఆగిపోతారు. ఈ తేడా పుట్టుకతో వచ్చే గుండె నిబ్బరం వల్లనే వస్తుందా? నేర్చుకోగలిగినది ఏమైనా ఉందా? భిలాయ్ చరిత్ర, ఈ పట్టణంపై జరిగిన పరిశోధన, ఇతర దేశాల అధ్యయనాలు ఈ ప్రశ్నకు ఉపయోగపడే సమాధానాలు ఇస్తున్నాయి.

ఒక ఉద్యోగం చుట్టూ అల్లుకున్న పట్టణం

ఉక్కు కర్మాగార స్థాపనకు భారత్, సోవియట్ యూనియన్‌ల మధ్య 1955 ఫిబ్రవరి 2న ఒప్పందం కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ ప్రారంభించారు. ప్లాంటులో పర్మనెంటు ఉద్యోగం అంటే నెలజీతంతో పాటు సెక్టార్‌లో క్వార్టరు, పిల్లలకు బడి, కుటుంబానికి ఆసుపత్రి, పెళ్లి సంబంధాలలో గౌరవం. క్యాంపులో ఉంటూ కాంట్రాక్టరు కింద పనిచేసే కూలీకి ఇవేవీ లేవు. అందువల్ల ప్లాంటు ఉద్యోగమే ప్రతి ఇంటి కలగా మారింది.

1980లలో అర లక్షకు పైగా ఉన్న పర్మనెంటు సిబ్బంది ఆ తరువాతి దశాబ్దాలలో సగానికంటే తక్కువకు తగ్గిపోయారు. కర్మాగారం ఉత్పత్తి కొనసాగింది గాని, తండ్రి నిలిచిన చోట కొడుకు నిలబడే అవకాశం సన్నగిల్లింది. ఇతర దెబ్బలూ తగిలాయి. కార్మిక నాయకుడు శంకర్ గుహా నియోగి 1991 సెప్టెంబరు 28న భిలాయ్‌లో హత్యకు గురయ్యారు. తొలగించిన కార్మికులను తిరిగి పనిలోకి తీసుకోవాలంటూ 1992 జూలై 1న పవర్‌హౌస్ స్టేషన్ వద్ద పట్టాలపై బైఠాయించిన వారిపై పోలీసులు జరిపిన కాల్పుల్లో 16 మంది కార్మికులు మరణించారు. కర్మాగారంలో 2014 జూన్‌లో విషవాయువు వెలువడి ఆరుగురు, 2018 అక్టోబరు 9న గ్యాస్ పైప్‌లైన్ పేలుడులో పది మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు.

ఎక్కువ ఉన్నవారే ఎందుకు కుంగిపోయారు?

లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌కు చెందిన మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ 1993 నుంచి చాలా ఏళ్ల పాటు భిలాయ్‌లో క్షేత్ర పరిశోధన చేశారు. ఇక్కడి ఆత్మహత్యలపై ఆయన పరిశోధన వ్యాసం 2012లో వెలువడింది. కార్మిక వర్గాలపై రాసిన బృహద్గ్రంథం 2020లో వచ్చింది. ఆయన గమనించిన విషయం సాధారణ అంచనాకు విరుద్ధమైనది. ఆత్మహత్యలు నిరుపేద కాంట్రాక్టు కూలీల ఇళ్లలోనే ఎక్కువగా ఉండాలని ఎవరైనా అనుకుంటారు. కానీ భిలాయ్‌లో ఆ ప్రమాదం అధికంగా కనిపించింది మెరుగైన జీతాలున్న ప్లాంటు ఉద్యోగుల కుటుంబాలలో.

తాము అందుకున్న స్థాయిని తమ పిల్లలకు అందించలేకపోవడం, పిల్లలు ఆ స్థాయిని నిలబెట్టుకోలేకపోవడం ఈ కుంగుబాటుకు ముఖ్య కారణాలని ప్యారీ విశ్లేషించారు. ఏ ఆత్మహత్యకైనా కారణం ఒక్కటే ఉండదు. అయినా ఈ పరిశీలన నుంచి వ్యక్తిగత స్థాయిలో ఒక పాఠం తీసుకోవచ్చు. మనిషి నిలబడే శక్తి అతని దగ్గర ఎంత ఉందన్న దానిపైనే ఆధారపడదు. తన విలువను ఎన్ని చోట్ల ఆనించుకున్నాడన్నది కూడా ముఖ్యమే. గౌరవం, ఆదాయం, స్నేహాలు, పెళ్లి, భవిష్యత్తు అన్నీ ఒకే ఉద్యోగంపై ఆనితే, ఆ ఉద్యోగం రానినాడు అన్నీ ఒకేసారి కూలినట్లు అనిపిస్తుంది.

ఉక్కుకు ఒక మాట, మనిషికి మరో మాట

లోహశాస్త్రంలో స్థితిస్థాపకత అనే మాట ఉంది. బరువు పడినప్పుడు వంగి, బరువు తీసివేయగానే పూర్వపు ఆకారానికి వచ్చే గుణాన్ని ఆ మాట సూచిస్తుంది. మనుషుల విషయంలోనూ కొందరు ఇదే మాట వాడుతున్నారు. అయితే బిడ్డను పోగొట్టుకున్న తల్లి, చేయి కోల్పోయిన కార్మికుడు పూర్వపు ఆకారానికి రారు. రావాలని కోరడం కూడా న్యాయం కాదు.

తెలుగులో దీనికి పాత మాట ఒకటి ఉంది: తేరుకోవడం. కలకబారిన నీటిని కదపకుండా ఉంచితే మట్టి అడుగుకు చేరి, నీరు పైన తేటపడుతుంది. నీరు తేరుకుంది అంటారు. మట్టి పోలేదు, అడుగున ఉంది. కానీ నీరు తాగడానికి పనికివస్తుంది. దెబ్బ తిన్న మనిషి విషయంలోనూ జరిగేది ఇదే. జరిగినది మరచిపోవడం తేరుకోవడం కాదు. జరిగినది అడుగున ఉండగానే రోజువారీ జీవితం మళ్లీ సాగడం తేరుకోవడం.

ఇది అరుదైన గుణం కూడా కాదు. అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయ మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ బొనాన్నో 2004లో ప్రచురించిన పత్రంలో, తీవ్ర నష్టం తరువాత కూడా నిలదొక్కుకోగలగడం అనుకున్నదానికంటే చాలా మందిలో కనిపించే సహజ స్పందన అని వివరించారు. అలా నిలదొక్కుకోవడానికి తోడ్పడేవి కొన్ని మామూలు విషయాలే.

మొదటిది: గడియారాన్ని వదలకపోవడం

ఫ్యాక్టరీ పట్టణాలలో సమయాన్ని నిర్ణయించేది షిఫ్టు. షిఫ్టు పోతే జీతంతో పాటు రోజు ఆకారమూ పోతుంది. ఆస్ట్రియాలో వియన్నా సమీపాన గల మారియెంతాల్ గ్రామంలో ఇది స్పష్టంగా కనిపించింది. ఊరంతటికీ ఆధారమైన బట్టల మిల్లు మూతపడ్డాక, 1931 నుంచి మేరీ యహోదా, పాల్ లాజర్స్‌ఫెల్డ్, హాన్స్ జైసెల్‌ల బృందం అక్కడి జీవితాన్ని దగ్గర నుంచి పరిశీలించింది. వారి నివేదిక 1933లో వెలువడింది.

పని లేదు గనుక తీరిక దొరికింది, పుస్తకాలు ఎక్కువగా చదువుతారని అనుకోవచ్చు. కానీ గ్రంథాలయం నుంచి తీసుకువెళ్లే పుస్తకాల సంఖ్య సుమారు సగానికి పడిపోయింది. మగవారు వీధిలో నడుస్తూ మాటిమాటికీ ఆగిపోయేవారు. స్త్రీలు వారికంటే వేగంగా నడిచేవారు. జీతం పోయినా స్త్రీలకు వంట, పిల్లలు, ఇంటి పని మిగిలే ఉన్నాయి. ఉద్యోగం జీతంతో పాటు మరో ఐదింటిని ఇస్తుందని యహోదా తరువాతి కాలంలో సూత్రీకరించారు: రోజుకు ఒక క్రమం, ఇంటి బయటి మనుషులతో సంబంధం, నలుగురితో కలిసి చేసే ప్రయోజనకరమైన పని, సమాజంలో ఒక గుర్తింపు, చేతులకు నిరంతర వ్యాపకం.

దెబ్బ తగిలిన తొలి వారాలలో చేయదగిన పని ఇక్కడే తెలుస్తుంది. నిద్ర లేచే వేళ, స్నానం, భోజనం, ఇంటి నుంచి బయటకు వెళ్లే వేళ మార్చకూడదు. పని లేకపోయినా ఉదయాన్నే తయారై ఏదో ఒక నిర్ణీత పనికి బయలుదేరాలి. అది బజారు కావచ్చు, గ్రంథాలయం కావచ్చు, తమ్ముడి దుకాణంలో రెండు గంటల సాయం కావచ్చు. మనసు బాగుపడ్డాక లేద్దామని ఎదురుచూస్తే రోజులు గడిచిపోతాయి. వేళకు లేవడం మొదలుపెడితే మనసు దాని వెనుక నెమ్మదిగా వస్తుంది.

రెండోది: ఒక్క మనిషైనా ఉండటం

భిలాయ్ ఒప్పందం జరిగిన 1955లోనే హవాయి దీవులలోని కవాయిలో జన్మించిన 698 మంది పిల్లలను మనస్తత్వ శాస్త్రవేత్త ఎమీ వెర్నర్ బృందం దశాబ్దాల పాటు గమనిస్తూ వచ్చింది. వారిలో కొందరు పేదరికం, ఇంట్లో కలహాలు, తల్లిదండ్రుల మద్యపానం, మానసిక రుగ్మతల మధ్య పెరిగారు. ఇంతటి కష్టాలలో పెరిగిన వారిలో కూడా సుమారు మూడింట ఒక వంతు మంది ఆత్మవిశ్వాసం, బాధ్యత గల పెద్దలుగా ఎదిగారు. వారి జీవితాలలో తరచు కనిపించిన అంశం, తమను నమ్మి ఆదరించిన పెద్దమనిషి కనీసం ఒక్కరు ఉండటం. అమ్మమ్మ కావచ్చు, ఉపాధ్యాయుడు కావచ్చు, పొరుగింటివారు కావచ్చు.

అధ్యయనంలో మరో ఆశాజనకమైన విషయమూ బయటపడింది. కౌమారంలో దారి తప్పిన వారిలో చాలా మంది ముప్ఫై, నలభై ఏళ్ల నాటికి కుదుటపడ్డారు. మళ్లీ చదువుకోవడం, సైన్యంలో చేరడం, మంచి జీవిత భాగస్వామి దొరకడం వంటి రెండో అవకాశాలు వారిని నిలబెట్టాయి. ఇరవై ఏళ్ల వయసులో మూసుకున్న దారిని చూసి జీవితమే ముగిసిందని తీర్మానించడం తొందరపాటు అవుతుంది.

క్యాంప్ 2 వంటి ఇరుకైన వాడలో పొరుగింటి వారి దగ్గు కూడా వినిపిస్తుంది. పుట్టిన ఊరు వందల కిలోమీటర్ల దూరాన ఉన్నవారికి ఆ పొరుగువారే మేనమామలు, పిన్నమ్మలు అవుతారు. వలస వచ్చినవారికి ఇది పెద్ద ఆస్తి. అయితే అదే ఇరుకు ఒక భయాన్నీ పెంచుతుంది. విషయం నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని బాధను దాచుకునేవారు ఎక్కువ. ఏడ్చే మగవాడిని నమ్మరాదన్న సామెత వింటూ పెరిగిన తరాలకు నోరు విప్పడం మరీ కష్టం. అందరికీ చెప్పనవసరం లేదు. నమ్మకమైన ఒక్కరికి, ఈ వారంలోనే, ఉన్నది ఉన్నట్లు చెప్పగలిగితే చాలు.

వినేవారికీ ఒక బాధ్యత ఉంది. ధైర్యంగా ఉండు, అంతా మన మంచికే, నీకంటే కష్టాల్లో ఉన్నవారు లేరా అన్న మాటలు మంచి ఉద్దేశంతో అన్నవే అయినా, చెప్పుకునేవారి నోరు మూయిస్తాయి. సలహా ఇచ్చే ముందు పూర్తిగా వినడం, మరునాడు మళ్లీ వచ్చి పలకరించడం ఎక్కువ మేలు చేస్తాయి.

మూడోది: చేతనైన చిన్న పని

బాధలో ఉన్న మనిషి మెల్లగా అన్నింటినీ వదులుకుంటాడు. స్నేహితులను కలవడు, పూజ మానేస్తాడు, ఆట చూడడు. వదిలిన కొద్దీ బాధ పెరుగుతుంది, బాధ పెరిగిన కొద్దీ ఇంకా వదులుతాడు. ఈ వలయాన్ని చిన్న పనితో తెంచవచ్చునని గోవాలో జరిగిన ప్రయోగం చూపింది. తీవ్రమైన కుంగుబాటుతో ఉన్న 495 మందిపై సంగత్ అనే సంస్థకు చెందిన పరిశోధకులు జరిపిన ఆ అధ్యయనం లాన్సెట్ పత్రికలో వెలువడింది. వైద్యులు కాని, శిక్షణ పొందిన సామాన్య సలహాదారులు ఆరు నుంచి ఎనిమిది విడతలుగా బాధితులతో మాట్లాడారు. వదిలేసిన పనులలో ఏది మళ్లీ మొదలుపెట్టగలరో కలిసి ఆలోచించి, రోజుకు కొంత చొప్పున చేయించారు. మూడు నెలల తరువాత చూస్తే ఈ సహాయం పొందిన వారిలో 64 శాతం మంది కుంగుబాటు నుంచి బయటపడగా, మామూలు చికిత్స మాత్రమే అందిన వారిలో అది 39 శాతం.

పని చిన్నదిగా, ఎప్పుడు చేయాలో తెలిసేదిగా ఉండాలి. కొత్త జీవితం మొదలుపెట్టాలి అన్న తీర్మానం రేపటికి నిలవదు. సాయంత్రం ఐదింటికి సర్క్యులర్ మార్కెట్ దాకా నడిచి రావాలి అన్నది నిలుస్తుంది. అప్పుల వల్ల వచ్చిన దిగులుకూ ఇదే పద్ధతి. ఎవరికి ఎంత ఇవ్వాలో ఒక కాగితంపై రాసి, వడ్డీ ఎక్కువ ఉన్నదాన్ని ముందు పెట్టుకుంటే, తలలో ఆకారం లేకుండా తిరుగుతున్న భయానికి ఒక అంకె వస్తుంది. అంకె ఉన్న సమస్యపై ఎవరినైనా సలహా అడగవచ్చు.

నాలుగోది: దుఃఖానికి ఒక పని అప్పగించడం

భిలాయ్ కర్మాగారానికి ఇనుప ఖనిజం అందించిన దల్లీ రాజహరా గనులు ఇక్కడికి సుమారు 90 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. 1977 జూన్ 2, 3 తేదీలలో అక్కడ జరిగిన పోలీసు కాల్పుల్లో 11 మంది కార్మికులు మరణించారు. తరువాత కొంత కాలానికి కార్మిక సంఘ నాయకురాలు కుసుమ్‌బాయి ప్రసవ సమయంలో సరైన వైద్యం అందక కన్నుమూశారు. గని కార్మికులు తమ దుఃఖాన్ని సభలకు, నినాదాలకు పరిమితం చేయలేదు. చందాలు వేసుకుని, తమ చేతులతో ఇటుకలు పేర్చి ఆసుపత్రి కట్టుకున్నారు. అమరులైన 11 మంది స్మృతిగా షహీద్ ఆసుపత్రి పేరుతో అది 1983 జూన్ 3న ప్రారంభమైంది, నేటికీ పేదలకు వైద్యం అందిస్తోంది. మద్యపానానికి వ్యతిరేకంగా ఆ సంఘం నడిపిన ఉద్యమం వల్ల వేలాది కార్మికులు తాగుడు మానుకున్నారు.

ప్రతి మనిషీ ఆసుపత్రి కట్టలేడు. కానీ పోయినవారి పేరిట ఒక విద్యార్థికి పుస్తకాలు కొనివ్వడం, తనకు జరిగిన మోసం మరొకరికి జరగకుండా హెచ్చరించడం, ప్రమాదంలో గాయపడిన వేరొకరి కుటుంబానికి పరిహారం దరఖాస్తు నింపిపెట్టడం సాధ్యమే. జరిగిన నష్టానికి అర్థం వెతకడం కష్టం. ఆ నష్టం నుంచి ఒక ఉపయోగం పుట్టించడం అంతకంటే సులభం.

దెబ్బ తగలక ముందే చేయదగినది

కలిమిలేములు కావడి కుండలు అన్నారు పెద్దలు. కావడిలో ఒక కుండ బరువెక్కినప్పుడు రెండోది సమతూకం ఇవ్వాలి. ఒక్క కుండతో నడిచేవాడు పక్కకు ఒరిగిపోతాడు. పిల్లల పెంపకంలో ఈ మాట ముఖ్యం. ప్లాంటు ఉద్యోగం కావచ్చు, భిలాయ్ ప్రసిద్ధి చెందిన ఐఐటీ ప్రవేశ పరీక్షల శిక్షణ కావచ్చు, ఒక్క ఫలితంతోనే ఇంటి పరువును ముడిపెట్టినప్పుడు పిల్లలు ఒక్క కుండతో నడుస్తారు. మార్కుల గురించి అడిగినన్ని సార్లు స్నేహితుల గురించి, ఆటల గురించి, చేతిపనుల గురించి అడిగే ఇంట్లో పిల్లలకు రెండో కుండ ఉంటుంది. ఫలితం రాక ముందే, ఇది రాకపోతే ఏం చేద్దాం అని తండ్రి కొడుకుతో ప్రశాంతంగా మాట్లాడటం అపశకునం కాదు, ముందుచూపు.

అయితే ఒక హెచ్చరిక అవసరం. గుండె నిబ్బరం గురించిన మాటలు యాజమాన్యాల, ప్రభుత్వాల బాధ్యతకు ప్రత్యామ్నాయం కావు. భద్రత లేని పనిచోటును, అందని కూలీని, రాని పరిహారాన్ని సహనంతో సరిదిద్దలేము. వాటికోసం అడగడం, ఫిర్యాదు చేయడం, సంఘటితం కావడం కూడా తేరుకోవడంలో భాగమే.

సహాయం ఎప్పుడు కోరాలి?

దుఃఖం రోగం కాదు. కానీ రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దిగులు వదలకపోవడం, నిద్ర, ఆకలి దెబ్బతినడం, దేనిపైనా ఆసక్తి లేకపోవడం, తాగుడు పెరగడం, తానుంటే ఇంట్లోవారికి భారమన్న మాటలు రావడం కనిపిస్తే వైద్య సహాయం తీసుకోవాలి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చేయకూడదు. అటువంటి ఆలోచన ఉందా అని నేరుగా అడగడం వల్ల అది పుట్టదు. అడిగితే చాలా మందికి ఊరట కలుగుతుంది. అట్టి వారిని ఒంటరిగా వదలరాదు.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 లేదా 1800-891-4416 నంబర్లలో 24 గంటలూ ఉచితంగా లభిస్తుంది. తెలుగు సహా పలు భారతీయ భాషలలో మాట్లాడవచ్చు. వలస కుటుంబాలకు ఈ చివరి సదుపాయం చిన్నది కాదు. దుకాణంలో బేరమాడటానికి వచ్చిన హిందీ, బెంగ గురించి చెప్పుకోవడానికి చాలకపోవచ్చు. తల్లి భాషలో బెంగ అన్న ఒక్క మాట అంటే, అవతలివారు వెంటనే అర్థం చేసుకుంటారు.

చట్టం గురించిన భయమూ వద్దు. ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్లు భావించి, శిక్షించకుండా చికిత్స, సంరక్షణ అందించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ చెబుతోంది.

తాత్కాలికమని వేసిన గుడిసెలలో మూడు తరాలు బతికి చూపిన వాడ క్యాంప్ 2. అక్కడి వారిని నిలబెట్టినవి వేళకు మోగిన సైరను, పక్కింటి పలకరింపు, చేతిలో ఏదో ఒక పని, కష్టం వచ్చినప్పుడు కలిసి నడిచిన మనుషులు. సైరను మోగని ఇళ్లలో మిగిలిన మూడింటినీ కాపాడుకోవాలి. సైరను స్థానంలో ఉదయం ఆరు గంటల అలారం ఒకటి పెట్టుకోవాలి.